హరో జలసంధి ఓర్కాలు: వెయ్యి గజాల నిబంధన ఎంతవరకు మేలు చేస్తుంది?

తీరవాసి

సభ్యులందరికీ నమస్కారం. వాషింగ్టన్ రాష్ట్రపు వాయవ్య కొసన, కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న శాన్ జువాన్ దీవుల్లో మా కుటుంబం కొంతకాలంగా నివసిస్తోంది. మా దీవుల పడమటి తీరానికి, కెనడాకు మధ్య ఉన్న హరో జలసంధిలో తిరిగే ఓర్కాల (కిల్లర్ వేల్ అని పిలిచే నలుపుతెలుపు జంతువుల) ప్రస్తావన లేకుండా ఇక్కడ రోజు గడవదు. ఫ్రైడే హార్బర్ రేవులో ఫెర్రీ దిగినవారు బస ఎక్కడని అడగడానికి ముందే "ఈ రోజు కనిపించాయా?" అని అడుగుతారు. 2025 జనవరి 1 నుంచి రాష్ట్ర చట్టం మారి, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న సదరన్ రెసిడెంట్ ఓర్కాలకు పడవలు ఏ దిక్కునైనా వెయ్యి గజాల దూరంలో ఉండాలని నిర్దేశించింది. అంతకుముందు పక్కల 300 గజాలు, ముందువెనుకల 400 గజాలు వదిలితే సరిపోయేది.

ఈ మార్పు మీద ఊరు రెండుగా చీలింది. తినడానికి చేపే లేనప్పుడు మమ్మల్ని దూరంగా నెట్టి సాధించేదేమిటని పడవల మీద బతికేవారు అడుగుతున్నారు. ఉన్న నాలుగు చేపలనైనా ప్రశాంతంగా పట్టుకోనివ్వండని తీరంలో ఉండేవారు అంటున్నారు. వేసవిలో లైమ్ కిల్న్ పార్కు దగ్గర సందర్శకులకు నియమాలు వివరించే స్వచ్ఛంద బృందంలో చేరమని నన్ను పిలిచారు. సరిగా తెలియని విషయాన్ని పదిమందికి బోధించడం నాకు ఇష్టం లేదు. దూరం పాటించినందువల్ల ఆ జంతువులకు నిజంగా ఒరిగేదేమిటో, దీవుల్లో ఉండే మామూలు మనుషుల చేతుల్లో ఉన్నదేమిటో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

నీలిరెక్క

తీరవాసి గారూ, సముద్ర జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థిగా నాకు తెలిసినంతవరకు రాస్తాను.

మీ దీవుల చుట్టూ తిరిగే ఓర్కాలన్నీ ఒక కోవకు చెందినవి కావు. సదరన్ రెసిడెంట్లు చేపలు తిని బతుకుతాయి. వేసవిలో వాటి ఆహారంలో సింహభాగం సాల్మన్ చేపల్లో పెద్ద రకమైన చినూక్, శరదృతువు వచ్చేసరికి చమ్ సాల్మన్ కూడా కలుస్తుంది. బిగ్స్ ఓర్కాలు సీళ్లను, సీ లయన్లను, డాల్ఫిన్లను పోలిన పోర్పాయిస్‌లను వేటాడతాయి, చేపల జోలికి పోవు. ఈ రెండూ ఒకే నీటిలో ఈదుతున్నా ఒకదానితో ఒకటి జతకట్టవు. ప్రమాదంలో ఉన్నది మొదటి రకం. సీళ్లు పుష్కలంగా ఉండటంతో రెండో రకం సంఖ్య పెరుగుతూనే ఉంది. ఒకే జలసంధిలో ఒక కుటుంబం పస్తులుంటే పక్క కుటుంబం విందు చేసుకుంటోందన్న ఈ ఒక్క సంగతి చాలు, మూల సమస్య నీటిలో కంటే కంచంలో ఉందని చెప్పడానికి.

సదరన్ రెసిడెంట్లలో జె, కె, ఎల్ అని మూడు గుంపులున్నాయి. సంతానం జీవితమంతా తల్లి వెంటే ఉంటుంది. పెద్ద వయసు మగవి కూడా తల్లి పట్టిన చేపలో వాటా తీసుకుంటాయి. సాల్మన్ కరువైన సంవత్సరాల్లో ఈనడం మానేసిన ముసలి ఆడవే ముందుండి గుంపును నడిపిస్తాయని పరిశోధకులు గమనించారు. 1970ల తొలినాళ్లలో కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్, వెన్నుమీది రెక్క ఆకారాన్ని, దాని వెనుక ఉండే బూడిదరంగు మచ్చను ఫొటోలు తీసి ఒక్కొక్క ఓర్కాను విడివిడిగా గుర్తుపట్టవచ్చని చూపారు. 1976 నుంచి కెన్ బాల్కమ్ శాన్ జువాన్ దీవి కేంద్రంగా ఆ లెక్కను ఏటేటా కొనసాగించారు. 2022 డిసెంబరులో ఆయన కన్నుమూసినా, ఆయన స్థాపించిన సెంటర్ ఫర్ వేల్ రీసెర్చ్ ఆ పని ఆపలేదు. ఆ లెక్క ప్రకారం 1995లో 98గా ఉన్న ఈ ఓర్కాలు 2024 జులై నాటికి 73కు తగ్గాయి. కె గుంపులో 2011 తరువాత మళ్లీ ఒక పిల్ల పుట్టడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక దూరం సంగతి. ఓర్కా చీకటి నీటిలో చేపను కంటితో వెతకదు. క్లిక్ శబ్దాలను పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి పోల్చుకుంటుంది. ఆ ప్రతిధ్వని చాలా సన్నగా ఉంటుంది కాబట్టి దగ్గరలో ఇంజిన్ మోగితే అందులో కలిసిపోతుంది. ఓర్కాల ఒంటికి చూషణ పట్టుతో అంటించిన పరికరాల ద్వారా సేకరించిన సమాచారాన్ని విశ్లేషించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, పడవలు 400 గజాల లోపలికి వచ్చినప్పుడు ఆడ ఓర్కాలు వేట మానేసే అవకాశం ఎక్కువని తేలింది. మగవాటిలో ఆ ధోరణి కనిపించలేదు. కడుపుతో ఉన్నదో పాలిచ్చేదో అయిన ఆడది పూట తిండి వదులుకుంటే ఆ లోటు ఇద్దరి మీద పడుతుంది. 2008 నుంచి 2014 వరకు సేకరించిన మలం నమూనాల్లోని హార్మోన్లను పరిశీలించిన మరో అధ్యయనం, గుర్తించగలిగిన గర్భాల్లో 69 శాతం నిలవలేదని, దానికి ఆహారలేమి ప్రధాన కారణమని చెప్పింది. నీటిపై తేలే ఆ మలాన్ని పడవ ముక్కున నిలబడి వాసనతో పసిగట్టింది టక్కర్ అనే నల్ల లాబ్రడార్ కుక్క. దానికి నీళ్లంటే భయమట!

సందేహజీవి

నీలిరెక్క గారి వివరణ బాగుంది. అయినా నా సందేహాలు తీరలేదు. అనకోర్టెస్‌లో మాకు ఒక చిన్న పడవ ఉంది, వేసవిలో పిల్లలతో తిరుగుతుంటాం. వెయ్యి గజాలంటే దాదాపు కిలోమీటరు. అంత దూరంలో ఉన్న నల్లటి రెక్క ఏ రకం ఓర్కాదో నాలాంటివాడు ఎలా పోల్చుకోగలడు?

అంతకంటే నన్ను తొలిచే విషయం వేరే ఉంది. నిర్దేశిత నౌకామార్గంలో వెళ్లే పెద్ద ఓడలకు ఈ నియమం వర్తించదు. వ్యాంకూవర్ రేవుకు వచ్చిపోయే కంటెయినర్ ఓడలు హరో జలసంధి గుండానే పోతాయి. 2024 మే నెలలో కెనడాలోని ట్రాన్స్ మౌంటెన్ చమురు పైప్‌లైన్ విస్తరణ పూర్తయ్యాక చమురు ట్యాంకర్ల సంఖ్య నెలకు 5 ఉన్నది 34కు పెరగవచ్చని అంచనాలు వేశారు, అవీ ఆ దారినే రావాలి. అవన్నీ దర్జాగా పోతుంటే ఇరవై అడుగుల పడవవాడిని పట్టుకొని జరిమానా వేయడం, కొండను వదిలి గులకరాయిని తవ్వినట్లుంది. దీనిని ఓర్కా సంరక్షణ అనడం కంటే మనస్సాక్షి సంరక్షణ అనడం సబబేమో.

నీలిరెక్క

సందేహజీవి గారూ, ఓడల విషయంలో మీరు అన్నదానిలో నిజం ఉంది. అయితే పెద్ద ఓడల గురించి ఏమీ చేయడం లేదన్నది సరికాదు. వ్యాంకూవర్ రేవు అధికారులు 2014లో ఎకో అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టి, 2017 నుంచి హరో జలసంధిలో ఓడలు వేగం తగ్గించి నడిచేలా ఏటా ఏర్పాటు చేస్తున్నారు. అది స్వచ్ఛందమే అయినా ఎక్కువ ఓడలు పాటిస్తున్నాయి. వేగం తగ్గితే చోదకచక్రం చుట్టూ నీటి బుడగలు పగిలే శబ్దం తగ్గుతుంది, నీటి అడుగున వచ్చే మోతలో అధిక భాగం దానిదే.

చిన్న పడవను విడిగా ఎందుకు చూడాలంటే, దాని కదలికకు ఒక దారి అంటూ ఉండదు. ఓడ ఒక గీతలో వచ్చి పోతుంది. చూడటానికి వచ్చిన పడవ మాత్రం జంతువు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, దాని ముందుకు వెళ్లి ఆగుతుంది, వెళ్లిపోగానే ఆ చోటికి మరొకటి వస్తుంది. అదీగాక, దగ్గరలో నడిచే ఔట్‌బోర్డ్ ఇంజిన్ మోతలో ఓర్కా క్లిక్‌ల స్థాయికి దగ్గరగా ఉండే హెచ్చు పౌనఃపున్యాలు కూడా కలిసి ఉంటాయి. ఆ పౌనఃపున్యాలు దూరం పెరిగేకొద్దీ నీటిలో త్వరగా అణగిపోతాయి. అందుకే ఓర్కాకు, ఇంజిన్‌కు మధ్య ఉండే ప్రతి వంద గజాలకూ విలువ ఉంది.

లైమ్ కిల్న్ దీపస్తంభం కింద నీటిలో అమర్చిన హైడ్రోఫోన్ (నీటి అడుగున పనిచేసే మైకు) శబ్దాన్ని ఎవరైనా వినవచ్చు. జె గుంపు వస్తున్నప్పుడు, పరిశోధకులు ఎస్-1 అని పేరుపెట్టిన కూత మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. కె గుంపుకు ఎస్-16, ఎల్ గుంపుకు ఎస్-19 ఎక్కువ. ఓడ దాటుతున్నంతసేపు ఆ కూతలు మునిగిపోతాయి, ఆ మోతలో అవి మరింత గట్టిగా కూయవలసి వస్తుందని పరిశోధకులు కొలిచి చూపారు. ఒక్కసారి విన్న తరువాత ఈ చర్చలో మీ వాదన ఏ వైపున ఉన్నా, "మోత" అనే మాటను తేలికగా తీసుకోలేరు.

కొండగాలి

న్యాయవాద వృత్తిలో ఉన్నవాడిని కనుక చరిత్ర, చట్టం గురించి నాలుగు మాటలు చేర్చదలిచాను. ఈ ఓర్కాలు ఇంత తక్కువగా ఉండటానికి చేపల కొరత ఒక్కటే మూలం కాదు. 1960, 70 దశకాల్లో ప్రదర్శనశాలల కోసం నలభైకి పైగా సదరన్ రెసిడెంట్లను ఇక్కడి నీటి నుంచి పట్టుకుపోయారు లేదా పట్టే ప్రయత్నంలో చంపారు. 1970 ఆగస్టు 8న విడ్‌బీ దీవి దగ్గర పెన్ కోవ్‌లో విమానాలు, పడవలు, పేలుడు పదార్థాలు ఉపయోగించి దాదాపు ఎనభై ఓర్కాలను వలల్లోకి తోలి, ఏడు పిల్లలను ఎంచుకొని అమ్మేశారు. వలల్లో చిక్కి చచ్చిన పిల్లల పొట్టలు చీల్చి, రాళ్లు నింపి, బరువులు కట్టి ముంచేశారు. కొన్నాళ్లకు ఆ కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాకగాని సంగతి బయటపడలేదు. ఆ రోజు తరలించినవాటిలో టోకిటే ఒకటి. మయామీలోని ఒక చిన్న కొలనులో ఐదు దశాబ్దాలకు పైగా గడిపి 2023 ఆగస్టు 18న చనిపోయింది. దాన్ని ఈ సముద్రానికి తిరిగి తీసుకురావాలని ఇక్కడి ఆదివాసులైన లమ్మీ జాతి ప్రజలు ఏళ్లతరబడి పోరాడారు, చివరికి తీసుకురాగలిగింది దాని బూడిదను. పట్టుకుపోయినవి ఎక్కువగా పిల్లలే కావడంతో, ఆ తరం పెరిగి ఈనవలసిన కాలంలో గుంపుల్లో ఖాళీ మిగిలింది. 1976లో ఒలింపియా సమీపంలోని బడ్ ఇన్‌లెట్‌లో జరిగిన పట్టివేత మీద రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కాకే వాషింగ్టన్‌లో ఈ వ్యాపారం ఆగింది.

అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కింద ఈ ఓర్కాలకు 2005లో రక్షణ లభించింది. ప్యూజెట్ సౌండ్ చినూక్‌కు అంతకుముందే, 1999లో, ముప్పులో ఉన్న జాతిగా గుర్తింపు వచ్చింది. తినేదీ, తినబడేదీ రెండూ జాబితాలో ఉండటం ఈ కథలోని చిక్కుముడి. చేపల వేటను ఆపేయండని చెప్పడం సులభమే. కానీ 1855 నాటి పాయింట్ ఇలియట్ ఒప్పందం ప్రకారం లమ్మీ తదితర ఆదివాసీ జాతులకు చేపలు పట్టుకునే హక్కు ఉంది. పట్టదగిన చేపల్లో సగం వాటా ఒప్పంద జాతులదేనని 1974లో న్యాయమూర్తి బోల్ట్ తీర్పు చెప్పారు. చేపలను పోగొట్టింది వారు కాదు. నదులపై ఆనకట్టలు, నరికిన అడవులు, పూడ్చిన బురదనేలలు పోగొట్టాయి.

సాల్మన్ దారికి అడ్డుగా లోయర్ స్నేక్ నదిపై ఉన్న నాలుగు ఆనకట్టల వివాదం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం అక్కడి ఆదివాసీ జాతులతో, ఒరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాలతో సాల్మన్ పునరుద్ధరణకు ఒప్పందం కుదుర్చుకుంది. 2025 జూన్‌లో తరువాతి ప్రభుత్వం దాని నుంచి వైదొలగింది. ఎల్వా నదిపై రెండు ఆనకట్టలను 2011, 2014 మధ్య తొలగించినప్పుడు ఆగిన నీరు పారింది, ఎగువకు చేపలు వెళ్లాయి. ఇది సాధ్యమేనని చెప్పడానికి ఆ నది చాలు. సాధ్యమైనదల్లా జరుగుతుందని మాత్రం నేను అనను.

అలలబాట

తిమింగలాలను చూపించే పడవపై మార్గదర్శిగా పనిచేశాను కాబట్టి సందేహజీవి గారి మొదటి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. బిగ్స్ ఓర్కాలు మూడు నుంచి ఆరు వరకు చిన్న గుంపులుగా, దాదాపు నిశ్శబ్దంగా తిరుగుతాయి. సీళ్లు వింటాయని వాటి జాగ్రత్త. మునిగితే చాలాసేపు పైకి రావు, వచ్చినా అనుకున్న చోట రావు. సదరన్ రెసిడెంట్లు విశాలంగా పరుచుకొని, తరచూ ఎగురుతూ, తోకలు చరుస్తూ పోతాయి. బిగ్స్ వెన్నురెక్క కొన మొనదేలి ఉంటుంది, వెనుక మచ్చ నిండుగా బూడిదరంగులో ఉంటుంది. రెసిడెంట్లలో కొన్నింటికి ఆ మచ్చలోకి నల్లరంగు చొచ్చుకొని వచ్చి కొక్కెంలా కనిపిస్తుంది. బైనాక్యులర్ లేకుండా ఇవేవీ తేల్చలేం. తేల్చలేనప్పుడు రెసిడెంట్లనే అనుకొని వెయ్యి గజాలు వదలడం మంచిది. ఎందుకంటే కేంద్ర నిబంధనల ప్రకారం వాషింగ్టన్ లోతట్టు నీటిలో ఏ ఓర్కాకైనా 200 గజాలు వదలవలసిందే, దాని దారికి అడ్డంగా ఆగకూడదు. రెసిడెంట్లకు అర నాటికల్ మైలు లోపల వేగం 7 నాట్లు దాటకూడదన్నది ఇంకొక నియమం.

పడవల యజమానులందరినీ ఒకే గాటన కట్టవద్దని కూడా మనవి. అనుభవజ్ఞులైన నడిపేవారు ఓర్కాల దగ్గర ఉన్నప్పుడు, అటు దూసుకొస్తున్న సొంత పడవలవారు వారిని చూసి వేగం తగ్గించేవారు. వెయ్యి గజాల నియమం వచ్చాక ఆ కాపలా తగ్గిందన్న వాదనను నేను కొట్టిపారేయను. అయితే ఎంత కాపలా కాసినా, ఆ కాపలా కాసేవాడి ఇంజిన్ కూడా నీటిలో మోగుతూనే ఉంటుంది. జులై మధ్యాహ్నం హరో జలసంధిలో ఒక తల్లీపిల్లా చుట్టూ పడవలు అర్ధచంద్రాకారంలో నిలబడి, అన్నింటిలో మార్గదర్శులు మైకులో ఒకే సంగతి చెబుతుండగా, ఆ తల్లి మాటిమాటికీ దిశ మార్చుకోవడం నేను కళ్లారా చూశాను. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్న సామెత నాకు ఆ రోజే గుర్తొచ్చింది.

జీవనోపాధి సంగతికొస్తే, వ్యాపారం మూతపడలేదు. ఇప్పుడు పడవలు బిగ్స్ ఓర్కాలను, ఈ నీటికి పెద్ద సంఖ్యలో తిరిగివచ్చిన హంప్‌బ్యాక్ తిమింగలాలను చూపిస్తున్నాయి. సందర్శకుల్లో చాలామందికి తేడా తెలియదు, తెలిసినా వచ్చిన ఆనందం తగ్గదు. నష్టపోయింది నిజానికి మాలాంటివాళ్లం. ఒక్కొక్క రెక్కను చూసి పేరు పెట్టి పిలిచే అలవాటున్నవాళ్లకు కిలోమీటరు దూరం నుంచి చూడటం కష్టంగానే ఉంటుంది. అయినా నియమం సరైనదేనని నా అభిప్రాయం.

తీరవాసి

అందరికీ కృతజ్ఞతలు. అలలబాట గారు చెప్పిన తేడాలను ముద్రించి పార్కులో ఉంచవచ్చేమో అడుగుతాను.

ఇదే సందర్భంలో ఇంకొక సంగతి. జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు మా తీరాల్లో హార్బర్ సీళ్లు ఈనుతాయి. మొన్న ఒక కుటుంబం రాళ్లమీద ఒంటరిగా పడి ఉన్న సీల్ పిల్లకు చలి వేస్తోందని దుప్పటి కప్పి, దాని మీద సీసా నీళ్లు పోస్తోంది. పిల్ల మూతి చుట్టూ మీసాలు వణుకుతున్నాయి, కళ్లు మాత్రం నీటివైపే ఉన్నాయి. యాభై గజాల దూరంలో తల్లి తల నీటిపై తేలుతూ, మునుగుతూ ఉంది. మనుషులు ఉన్నంతసేపు అది ఒడ్డుకు రాదు. దూరం జరగమని వారికి నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. వేటకు వెళ్లిన తల్లి పిల్లను గంటలకొద్దీ ఒడ్డున వదిలిపెట్టడం మామూలేనని, వంద గజాలు ఎడంగా ఉండాలని, సముద్ర క్షీరదాలను ముట్టుకోవడం 1972 చట్టం ప్రకారం నేరమని రాసిన పలక వారికి ఎదురుగానే ఉంది. చూడాలన్న కోరిక, సాయం చేయాలన్న కోరిక కలిసినప్పుడు మనిషి కన్ను పలక మీద నిలవదేమో.

పచ్చికబయలు

తీరవాసి గారి దీవిలో అంతరించే ప్రమాదంలో ఉన్నది ఓర్కా ఒక్కటే కాదని ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. చర్చ దారి తప్పుతోందని అనుకోకండి, దీని అవసరం చివర్లో తెలుస్తుంది.

శాన్ జువాన్ దీవి దక్షిణ కొసన అమెరికన్ క్యాంప్ అనే పచ్చిక మైదానం ఉంది, జాతీయ చారిత్రక పార్కులో భాగం. ఐలండ్ మార్బుల్ అనే సీతాకోకచిలుక ప్రపంచంలో మరెక్కడా లేకుండా ఆ పరిసరాల్లోనే బతుకుతోంది. రెక్కల అడుగున తెలుపు, పసుపు కలిసిన ఆకుపచ్చ గీతలు పాలరాతి చారలలా ఉంటాయి. 1908 తరువాత ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిందనుకున్నారు, 1998లో ఇక్కడ మళ్లీ దొరికింది. 2020లో చట్టరక్షణ కల్పించారు. ఆవజాతి మొక్కల పూమొగ్గలపై గుడ్లు పెడుతుంది. ఆ మొగ్గలంటే జింకలకు ప్రాణం. కాబట్టి పార్కు సిబ్బంది ఆ మొక్కల చుట్టూ కంచెలు వేస్తారు, గుడ్లను సేకరించి పురుగులను పెంచి, వసంతంలో సీతాకోకచిలుకలను వదులుతారు. ఏడాదికి ఒకే తరం. పది నెలలకు పైగా ప్యూపాగా గడ్డి మధ్య వేలాడుతుంది కాబట్టి అడ్డదిడ్డంగా నడిచే పాదం ఒకటి చాలు దానికి నూరేళ్లు నిండటానికి.

దీన్ని ఎందుకు చెప్పానంటే, ఓర్కా విషయంలో దీవివాసులు తమ చేతుల్లో ఏమీ లేదని నిట్టూరుస్తారు. సాల్మన్ పుట్టే స్నేక్ నది వారి చేతిలో లేదు, కెనడాలోని ఫ్రేజర్ నది లేదు, ట్యాంకర్లు లేవు. కానీ తీరం ఉంది. సర్ఫ్ స్మెల్ట్, శాండ్ లాన్స్ అనే చిన్న చేపలు ఆటుపోటు గరిష్ఠంగా తాకే చోట, ఇసుక, సన్నగులకల మధ్య గుడ్లు పెడతాయి. వేసవి ఎండకు సర్ఫ్ స్మెల్ట్ గుడ్లు మాడిపోకుండా ఒడ్డుమీది చెట్ల నీడ కాస్తుంది. ఇల్లు కోతకు గురవుతుందన్న భయంతో తీరం వెంబడి గోడ కడితే పైనుంచి జారవలసిన ఇసుక ఆగిపోతుంది, గుడ్లు పెట్టే పట్టీ కరిగిపోతుంది, నీడ పోతుంది. హెర్రింగ్ చేపలేమో లోతు తక్కువ నీటిలో గడ్డిలా పెరిగే ఈల్‌గ్రాస్ పైన గుడ్లు పెడతాయి. నదుల నుంచి సముద్రంలోకి వచ్చే చినూక్ పిల్లలు మీ దీవుల మధ్య ఆగి ఈ చిన్నచేపలనే తిని పెరుగుతాయి. ఫ్రెండ్స్ ఆఫ్ ద శాన్ జువాన్స్ వంటి సంస్థలు గుడ్లు పెట్టే తీరాలను గుర్తించి, ఇష్టపడిన యజమానుల స్థలాల్లో పాత గోడలను తొలగిస్తున్నాయి. ఓర్కా కోసం కన్నీరు కార్చి, సొంత ఇంటి ముందు గోడను మాత్రం ఎత్తు పెంచుకొనేవారిని నేను చూశాను.

సందేహజీవి

పచ్చికబయలు గారు చెప్పినది నాకు కొత్త. ఈ మాట ముందే చర్చలోకి వచ్చి ఉంటే నా మొదటి వ్యాఖ్య కొంత మెత్తగా ఉండేది. అయినా ఒక ముక్కుసూటి ప్రశ్న. సీళ్లు సాల్మన్ పిల్లలను తింటాయి కదా, వాటిని తగ్గిస్తే సాల్మన్ పెరగదా? హేచరీల్లో (చేపపిల్లల పెంపక కేంద్రాల్లో) సాల్మన్ పిల్లలను మరిన్ని పెంచి వదిలితే సరిపోదా? వీటిని వదిలి నా పడవ దగ్గరే అందరూ ఎందుకు ఆగుతున్నారు?

నీలిరెక్క

సీళ్లు చినూక్ పిల్లలను తినడం నిజమే. చట్టరక్షణ తరువాత సీళ్ల సంఖ్య బాగా కోలుకుంది, ఆ మేరకు అవి తినే చినూక్ సంఖ్య కూడా పెరిగింది. అయితే సీళ్లు హేక్ వంటి చేపలను కూడా తింటాయి, ఆ హేక్ సాల్మన్ పిల్లలను తింటుంది. సీళ్లను చంపితే లాభం ఎటు తేలుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. పైగా బిగ్స్ ఓర్కాలకు అవే ఆహారం. ఈ జలసంధిలో ఒక ఓర్కాను కాపాడటానికి ఇంకొక ఓర్కా కంచం లాక్కోవడం నాకు సమ్మతం కాదు.

హేచరీల విషయంలో, 2018లో ఓర్కాల రక్షణ కోసం అప్పటి రాష్ట్ర గవర్నర్ ఇన్‌స్లీ నియమించిన కార్యదళం ఉత్పత్తి పెంచమని సిఫారసు చేసింది, పెంచుతున్నారు కూడా. వాటివల్ల తక్షణం కొన్ని చేపలు వస్తాయి. ఇబ్బందేమిటంటే హేచరీ చేపలు సహజ చేపలతో తిండికి పోటీపడతాయి, వాటితో కలిసి ఆ వంశం బలాన్ని తగ్గిస్తాయి. ఇంకా ముఖ్యమైనది పరిమాణం. వెనుకటి కాలపు పెద్ద చినూక్‌లు ఇప్పుడు అరుదు. పెద్ద ఓర్కాకు రోజుకు 18 నుంచి 25 దాకా చినూక్‌లు కావాలని అంచనా, చేప చిన్నదైతే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. ఒక్కొక్క చేపకూ వెతుకులాట అంతే, ఈత అంతే. 2018లో ఫ్రేజర్ నదిపై బిగ్ బార్ దగ్గర కొండచరియ విరిగిపడి చేపల దారి మూసుకుపోయిన సంగతి మరుసటి వేసవి దాకా ఎవరికీ తెలియలేదు. అలాంటి ఒక్క ఘటన కొన్నేళ్ల చేపలను మింగేస్తుంది.

దీనికి విషాలు తోడు. ఏనాడో నిషేధించిన పీసీబీలు అనే పారిశ్రామిక రసాయనాలు ఇప్పటికీ చేపల ద్వారా ఓర్కా కొవ్వులోకి చేరుతున్నాయి. తిండి సరిపోనప్పుడు ఆ కొవ్వు కరిగి విషం రక్తంలో కలుస్తుంది, పాలద్వారా మొదటి పిల్లకు ఎక్కువగా దిగుతుంది. సంఖ్య తక్కువ కావడంతో దగ్గరి సంబంధాల్లోనే జతకట్టడం వల్ల ఆయుర్దాయం తగ్గుతోందని 2023లో వెలువడిన జన్యు అధ్యయనం చూపింది. 1990 తరువాత పుట్టి, తండ్రి ఎవరో తెలిసిన పిల్లల్లో సగానికి పైగా రెండే మగ ఓర్కాల సంతానం. వీటిలో దేనినీ మీరూ నేనూ ఈ వేసవిలో మార్చలేం. మీ పడవ ఇంజిన్‌ను మాత్రం ఈ మధ్యాహ్నమే తగ్గించవచ్చు. మీ పడవ దగ్గర ఆగడానికి కారణం మీరే పెద్ద దోషి అని కాదు, త్వరగా జరగగలిగినది అదొక్కటే అని.

కొండగాలి

ఒక చిన్న చేర్పు. 2018లో జె గుంపులోని జె-35 అనే తల్లి ఓర్కా తన చనిపోయిన పిల్లను 17 రోజులు, వెయ్యి మైళ్ల దూరం మోసుకు తిరిగినప్పుడు ప్రపంచమంతా చూసింది. ఆ వార్తల వేడిలోనే ఎన్నో హామీలు పుట్టాయి. 2025 జనవరిలో అదే తల్లి చనిపోయిన మరో పిల్లను అలాగే మోసినప్పుడు వార్తలు వచ్చాయి, కానీ హామీలు రాలేదు. సందర్శకులకు ఈ కథ చెప్పేవారు అక్కడితో ఆపకుండా చేపల సంగతి కూడా చెబితే బాగుంటుంది, లేకపోతే వారు కళ్లు తుడుచుకొని ఫెర్రీ ఎక్కుతారు.

తీరవాసి

బృందంలో చేరాలని నిర్ణయించుకున్నాను. లైమ్ కిల్న్ దగ్గర ఒడ్డు నిటారుగా లోతుకు దిగుతుంది కాబట్టి ఓర్కాలు కెల్ప్ అనే సముద్రపు నాచు అంచు వెంట చాలా దగ్గరగా వస్తాయి, ఒడ్డున నిలబడినవారికి వెయ్యి గజాల నియమం అడ్డురాదు. చూడాలనుకునేవారికి పడవ అక్కర్లేదని చెప్పడం నుంచే మొదలుపెడతాను. సర్ఫ్ స్మెల్ట్ గుడ్లున్న ఇసుకను భూతద్దంలో చూపించడానికి పార్కువారు అనుమతిస్తారేమో కూడా కనుక్కుంటాను.

చివరిగా అలలబాట గారిని ఒకటి అడుగుతాను. ఒడ్డున నిలబడి ఉండగా ఎవరైనా నియమం మీరి ఓర్కాల మీదికి పడవ తోలడం కనిపిస్తే మేము ఏం చేయాలి? కేకలు వేసి లాభం లేదు కదా.

అలలబాట

కేకలు వేయకండి, ఇంజిన్ మోతలో వారికి వినిపించవు. మీ ఒడ్డున తిమింగల హెచ్చరిక జెండా ఉంటే ఎగరవేయండి, తెలిసిన పడవవారు దాన్ని చూసి వేగం తగ్గిస్తారు. పడవ పక్కన రాసి ఉండే రిజిస్ట్రేషన్ సంఖ్య, సమయం, పడవ వెళ్తున్న దిశ నోట్ చేసుకోండి. దూరాన్ని ఒక్కరే అంచనా వేయకుండా ఇద్దరు విడివిడిగా వేసి పోల్చుకోండి. ఓర్కా, పడవ ఒకే చట్రంలో కనిపించేలా వీడియో తీస్తే మంచిది, బాగా దగ్గరకు లాగి తీస్తే దూరం తక్కువగా కనిపిస్తుంది కనుక మధ్యలో ఒకసారి వెడల్పుగా కూడా తీయండి. ఆ వివరాలను రాష్ట్ర మత్స్య వన్యప్రాణి శాఖకు పంపండి. పడవవాడు ఓర్కాలు హఠాత్తుగా పైకి రావడంతో చిక్కుకుపోయి ఇంజిన్‌ను న్యూట్రల్‌లో ఉంచి ఆగి ఉంటే అది తప్పు కాదు, అలా చేయమనే నియమం చెబుతోంది. ఆ తేడాను కూడా రాయండి, లేకపోతే సందేహజీవి గారిలాంటి మంచి పడవవాళ్ల మీద అనవసరంగా ఫిర్యాదులు వెళ్తాయి.